పూజ గదికి బార్న్ డోర్ నేనే చేసి బిగించాను, మీరూ చేసుకోవచ్చు

డాలస్ దగ్గర మా ఇంట్లో కింద అంతస్తులో ఒక చిన్న గది ఉంది. బిల్డర్ దాన్ని స్టడీ అన్నాడు, మేము పూజ గది చేసుకున్నాం. దాని తలుపు లోపలికి తెరుచుకునేది, పూర్తిగా తెరిస్తే మందిరం మూలకి తగిలేది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి గుమ్మంలో నిలబడాల్సిందే. సత్యనారాయణ వ్రతం రోజున విసుగొచ్చి ఆ తలుపుని మడతబందుల నుంచి ఊడదీసి గరాజ్‌లో పెట్టాం. వ్రతం అయిపోయింది, ప్రసాదం అయిపోయింది, తలుపు మాత్రం ఏడాదిపాటు గరాజ్‌లోనే ఉండిపోయింది. అప్పుడు అనుకున్నాను, దీనికి పక్కకి జరిగే తలుపు పెడితే గోల వదులుతుంది కదా అని.

బార్న్ అంటే ఇక్కడి రైతుల కొట్టం. పశువులు, గడ్డి, ధాన్యం, బండి అన్నీ అందులోనే. అంత పెద్ద తలుపుని మడతబందుల మీద వేలాడదీస్తే గాలికి కొట్టుకుంటుంది, గుమ్మం ముందు మంచు పేరుకుంటే తెరుచుకోదు. అందుకని పైన ఇనప ట్రాక్ వేసి చక్రాల మీద పక్కకి తోసేవాళ్లు. ఇప్పుడదే ఇళ్లలోకి ఫ్యాషన్‌గా వచ్చింది.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఈ తలుపు గోడకి ఆనుకోదు, వెనక అర అంగుళమో అంగుళమో సందు ఉంటుంది. ఆ సందులోంచి మాటలు, వెలుతురు, వాసన అన్నీ హాయిగా బయటికొస్తాయి. పూజ గదికి అదేం ఇబ్బంది కాదు, అగరొత్తి వాసన ఇల్లంతా వస్తే ఎవరు కాదంటారు. బాత్రూమ్‌కి మాత్రం పెట్టకండి. చాలామంది పెడతారు, చుట్టాలొచ్చిన రోజు బాధపడతారు. వంటింటికి పెట్టుకోవచ్చు కానీ ఇంగువ తాలింపు ఆగుతుందని ఆశపడొద్దు.

కొలతల దగ్గరే సగం మంది తప్పు చేస్తారు. తలుపు గుమ్మం వెడల్పుకి సరిపోతే చాలదు, చుట్టూ కొట్టిన చెక్క పట్టీని, అంటే ట్రిమ్‌ని కూడా కప్పాలి. మా గుమ్మం 32 అంగుళాలు, ఎత్తు 80. ట్రిమ్ వెడల్పు రెండుంపావు అంగుళాలు, అంటే ఈ బయటి అంచు నుంచి ఆ బయటి అంచుకి 36న్నర. నేను తలుపు వెడల్పు 38 తీసుకున్నాను, రెండు పక్కలా ముప్పావు అంగుళం చొప్పున దాటుతుంది. ఎత్తుకీ ఇదే లెక్క. పై ట్రిమ్‌తో కలిపి 82ంపావు అవుతుంది, కింద అర అంగుళం సందు వదిలి, ట్రిమ్‌ని కాస్త దాటేలా తలుపు ఎత్తు 83న్నర పెట్టుకున్నాను. ట్రాక్ పొడవు తలుపు వెడల్పుకి రెండింతలు ఉండాలి. 38కి రెండింతలు 76, ట్రాక్, చక్రాలు, బోల్టులు కలిపి దుకాణంలో కిట్‌గా అమ్ముతారు, అందులో 6.6 అడుగుల ట్రాక్ దాదాపు 79 అంగుళాలు ఉంటుంది, కాబట్టి సరిపోయింది. 40 దాటితే ఎనిమిదడుగులది కొనుక్కోవాల్సిందే.

తలుపు ఎటు జరుగుతుందో ఆ పక్క గోడని ఒకసారి కూర్చుని తీరిగ్గా చూడండి. లైట్ స్విచ్ ఉందా, ఏసీ థర్మోస్టాట్ ఉందా, ప్లగ్ పాయింట్ ఉందా, పెళ్లి ఫొటో ఉందా. తెరిచిన ప్రతిసారీ తలుపు వాటిమీదికే వస్తుంది. ప్లగ్‌లో ఏదైనా పెడితే అది బయటికి పొడుచుకొచ్చి తలుపుకి అడ్డం తగులుతుంది. మాకు కుడి పక్క స్విచ్ ఉంది, అందుకని ఎడమ పక్కకి జరిగేలా పెట్టుకున్నాను. కింద స్కర్టింగ్ పలక ఎంత ముందుకొచ్చిందో కూడా కొలుచుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది.

కిట్ కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. ట్రాక్ ఒకటే ముక్కగా ఉండాలి. రెండు ముక్కలు కలిపేవి చవగ్గా వస్తాయి, పార్సిల్‌కి వీలుగా అలా చేస్తారు, కానీ అతుకు దగ్గర చక్రం టక్కుమంటుంది, రోజుకి పదిసార్లు ఆ శబ్దం వినాలి. ఇంకోటి, కిట్‌లో తలుపు మందం ఎంత ఉండాలో రాసి ఉంటుంది, ఎక్కువ కిట్లకి 1-3/8 నుంచి 1-3/4 అంగుళాలు. బరువు గురించి టెన్షన్ అక్కర్లేదు. నేను చెప్పబోయే పైన్ తలుపు 60 పౌండ్లు కూడా ఉండదు, మామూలు కిట్లు 200 పౌండ్ల పైనే మోస్తాయి. గోడ మొయ్యాలి, అదీ అసలు సమస్య.

ఇక చెక్క. నేను వాడింది నాలుక, గాడి ఉండి ఒకదాంట్లో ఒకటి కూర్చునే పైన్ పలకలు, ముప్పావు అంగుళం మందం, ఎనిమిదడుగుల పొడవు. వాటిని 1×6 అని అమ్ముతారు గానీ కలిపాక కనపడే వెడల్పు ఐదు అంగుళాల చిల్లరే, అందుకని దుకాణంలోనే టేపు పెట్టి కొలవండి. ఎనిమిది పలకలు పట్టాయి, మొదటిదీ చివరిదీ సమానంగా చీల్చి 38కి తెచ్చాను. ముందువైపు చట్రానికి మామూలు 1×6 పలకలు. కొనేటప్పుడు ప్రతి పలకనీ ఒక కన్ను మూసి చివర నుంచి చివరిదాకా చూడండి, మెలి తిరిగినవి పక్కన పెట్టెయ్యండి. దుకాణంలో కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తెచ్చాక గరాజ్‌లో వద్దు, తలుపు ఏ గదికో ఆ గది దగ్గరే వారం రోజులు పడుకోబెట్టండి. టెక్సస్ గరాజ్ ఎండాకాలంలో పెనంలా ఉంటుంది, అక్కడ ఎండిన చెక్క ఏసీ ఇంట్లోకి రాగానే ఇంకో ఆకారం తిరుగుతుంది.

పలకలన్నీ బోర్లా పరిచి, గాడుల్లో కూర్చోబెట్టి, రెండు కర్ణాలు కొలవండి. రెండూ సమానంగా వస్తే నాలుగు మూలలూ మట్టంగా ఉన్నట్టు. గాడుల్లో జిగురు వెయ్యకండి. చెక్క పొడవునా పెద్దగా మారదు, వెడల్పులో మాత్రం తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఎనిమిది పలకల్నీ జిగురుతో ఒకటి చేస్తే ఆ ఉబ్బరం అంతా ఒక్కచోటే తేలి ఎక్కడో పగులుతుంది. విడిగా ఉంటే ప్రతి గాడీ కొంచెం కొంచెం సర్దుకుంటుంది. చట్రంలో రెండు నిలువు పలకలు పూర్తి పొడవు, వాటి మధ్య పైన, నడుమ, కింద మూడు అడ్డపలకలు. నిలువు పలకలు కింది పలకల దిశలోనే ఉంటాయి కాబట్టి వాటికి జిగురు పెట్టొచ్చు. అడ్డపలకలకి మాత్రం జిగురు లేకుండా ఒక్కో పలక నడుమ ఒక్కో స్క్రూ. స్క్రూలన్నీ వెనక నుంచి, ఒకటింపావు అంగుళం పొడవువి. అంతకంటే పొడవైతే మొన ముందువైపు పొడుచుకొస్తుంది. నాకు ఒకటి వచ్చింది, చెయ్యి గీరుకున్నాక తెలిసింది. ప్రతి స్క్రూకీ ముందు సన్న బిట్‌తో కన్నం వెయ్యండి, లేకపోతే పైన్ చీలిపోతుంది.

ఇంకోటి కూడా అడుగుతారు, ఐమూలగా వేసే పలక ఎటు వెయ్యాలని. మడతబందుల తలుపుకి అది ఒక దిక్కునే ఉండాలి, ఎందుకంటే బరువంతా ఒక పక్క మీదే వేలాడుతుంది. ఇది పైన రెండు చోట్ల పట్టుకుని వేలాడేది, కాబట్టి ఐమూల పలక కేవలం అందానికే. నచ్చితే ఎటైనా వేసుకోండి. నేను వెయ్యలేదు, దుమ్ము తుడవడం నా పని కాబట్టి.

రంగు వేసేటప్పుడు ముందూ వెనకా, పై అంచు, కింది అంచు, అన్నిటికీ ఒకే లెక్కన పూతలు వెయ్యండి. ముందు మూడు పూతలు, వెనక ఒకటి వేస్తే వెనకవైపు తేమ ఎక్కువ పీల్చి తలుపు పల్లెంలా వంగుతుంది. పైన్‌కి నేరుగా స్టెయిన్ రాస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది, ముందు వుడ్ కండిషనర్ రాయాలి. పెయింట్ వేసేవాళ్లయితే ముడుల మీద షెల్లాక్ ప్రైమర్ తప్పనిసరి, లేదంటే ఆరు నెలలకి తెల్ల రంగులోంచి పసుపుపచ్చ మచ్చలు బయటపడతాయి. ఇంకో ముఖ్యమైన విషయం, నవ్వుతూ దాటెయ్యకండి. నూనె కలిసిన స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేస్తే, అవి ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. బయట విడివిడిగా ఆరేసి, పూర్తిగా ఎండాకే పారెయ్యండి.

ఇక గోడ. ఇక్కడి ఇళ్ల గోడ మనవైపు గోడ లాంటిది కాదు, అర అంగుళం జిప్సం పలక, దాని వెనక ఖాళీ, ఆ ఖాళీలో 16 అంగుళాలకొకటి నిలువు చెక్కలు, వాటినే స్టడ్డులంటారు. స్టడ్ వెడల్పు అంగుళంన్నరే. ఉత్త జిప్సం పలకకి తలుపు వేలాడదీస్తే ఒక రోజు గోడ ముక్కతో సహా కిందికొస్తుంది. ట్రాక్‌కి ముందే వేసిన కన్నాలు మీ స్టడ్డుల మీద పడవు, పడ్డాయంటే మీ అదృష్టం. అందుకని గోడకి ముందు హెడర్ పలక, దానికి ట్రాక్. హెడర్‌కి మెత్తటి పైన్ వద్దు, ఓక్ లాంటి గట్టి చెక్క తీసుకోండి. ముప్పావు అంగుళం మందం, ఐదున్నర వెడల్పు, ట్రాక్ కన్నా రెండు మూడు అంగుళాలు పొడుగు. హెడర్ ఇంకో పని కూడా చేస్తుంది, తలుపుని ఆ ముప్పావు అంగుళం ముందుకి తెస్తుంది. ఇందాక కొలవమన్న ట్రిమ్, స్కర్టింగ్ తలుపుకి తగలకుండా ఉండేది దీనివల్లే.

స్టడ్డులు వెతకడానికి పరికరాలు అమ్ముతారు, నాకైతే ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతమే నమ్మకంగా పనిచేసింది. గోడ మీద మెల్లగా తిప్పితే జిప్సం పలకని స్టడ్డుకి బిగించిన స్క్రూ దగ్గర పట్టుకుంటుంది. అక్కడ పెన్సిల్ గీత. గుమ్మం పక్క స్టడ్డు వెంబడే స్విచ్‌కి వైరు వెళ్తుంది కాబట్టి ఆ గది బ్రేకర్ ఆపేసి, కన్నం సరిగ్గా స్టడ్ నడిమధ్య పడేలా చూసుకోండి.

ఎత్తు గీసే దగ్గర జరిగింది చెప్పాలి. అప్పుడు మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. సొంతిల్లు మేస్త్రీ వెంట నిలబడి కట్టించుకున్న మనిషి. నేను గుమ్మం దగ్గర నేల మీద టేపు పెట్టి, పైకి కొలిచి, నాలుగడుగుల లెవెల్‌తో గీత గీస్తున్నాను. ఆయన కాసేపు చూసి, "బాబూ, నేల మట్టంగా ఉందని ఎవరు చెప్పారు?" అన్నారు. కొత్త ఇల్లే కదండీ అన్నాను. ఆయన మాట్లాడకుండా దుకాణానికి తీసుకెళ్లమని, పదడుగుల సన్న ప్లాస్టిక్ గొట్టం కొనిపించారు. లోపల కనపడే రకం. ఇంటికొచ్చి దాంట్లో నీళ్లు నింపి, కనపడటానికి చిటికెడు కుంకుమ కలిపి, గాలి బుడగలు లేకుండా గొట్టాన్ని గోళ్లతో తట్టి తట్టి పైకి పంపించారు. ఒక కొస గుమ్మం దగ్గర నేను పట్టుకున్నాను, ఇంకో కొస ఎడమ పక్క తలుపు వెళ్లి ఆగే చోట ఆయన. నీళ్లు కాసేపు ఊగి నిలబడ్డాయి. రెండు చోట్లా గోడ మీద గీతలు పెట్టి, అక్కణ్నుంచి నేలకి కొలిస్తే ఎడమ పక్క నేల మూడు నూళ్లు ఎత్తుగా ఉంది. మనవైపు వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటారు. అంటే నేను గుమ్మం దగ్గర వదిలిన అర అంగుళం సందులో అటు వెళ్లేసరికి ఒక్క నూలు మిగులుతుంది, కాళ్లపట్టా ఉంటే అదీ ఉండదు.

తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. డాలస్ చుట్టుపక్కలది నల్లరేగడి నేలే, గుంటూరు పత్తి చేల లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నోరు తెరుస్తుంది, పైనున్న ఇంటి పునాది దాంతోపాటు కదులుతుంది. ఇక్కడ ఎండాకాలం పునాది చుట్టూ నీళ్లు పెట్టేది అందుకే.

కాబట్టి తలుపు జరిగే దారి మొత్తంలో నేల ఎక్కడ ఎత్తుగా ఉందో చూసి, అక్కణ్నుంచి కొలవండి. మీరు ఈ పని చెక్క కొయ్యకముందే చెయ్యండి. నేను అప్పటికే కోసేశాను. లెక్క ఇది: ఎత్తైన చోట నేల నుంచి అర అంగుళం సందు, దాని మీద తలుపు 83న్నర, ఆ పైన తలుపు పై అంచు నుంచి ట్రాక్ కన్నం దాకా కిట్ కాగితంలో ఇచ్చిన కొలత. నా కిట్‌కి అది 1-5/8, మీది వేరుగా ఉండొచ్చు. మొత్తం ఎడమ చివర 85-5/8, గుమ్మం దగ్గర సరిగ్గా 86. అక్కడ తలుపు కింద ఏడు నూళ్ల సందు వచ్చింది. ఎవరూ కనిపెట్టలేదు. ట్రాక్ మాత్రం నేలతో పాటు వాలకూడదు, నీళ్ల మట్టానికే ఉండాలి. ఏమాత్రం వాలినా తలుపు అర్ధరాత్రి తనంతట తాను మెల్లగా తెరుచుకుంటుంది, పూజ గది తలుపు అలా తెరుచుకుంటే ఇంట్లో వాళ్లకి ఏం చెప్తారు?

హెడర్‌ని ఒక్కో స్టడ్‌కి రెండేసి మూడంగుళాల స్ట్రక్చరల్ స్క్రూలతో బిగించండి. ట్రాక్‌కి కిట్‌లో వచ్చే పెద్ద బోల్టుల్ని ఒకసారి కొలిచి చూసుకోండి. అవి హెడర్ లేకుండా నేరుగా స్టడ్‌కి వేస్తారన్న లెక్కతో ఇచ్చినవి. ట్రాక్ మందం, ట్రాక్‌ని ఎడంగా ఉంచే స్పేసర్, హెడర్, జిప్సం పలక అన్నీ దాటాక స్టడ్‌లోకి వెళ్లేది చిటికెన వేలి గోరంత ఉంటుంది. స్టడ్ మీద పడే కన్నాలకి నేను అదే లావు, అంటే 5/16, వాటికన్నా అంగుళం ఎక్కువ పొడుగున్నవి విడిగా కొన్నాను. 7/32 బిట్‌తో కన్నం వేసి, మరకి కాస్త సబ్బు రాసి, చేత్తో స్పానర్‌తోనే తిప్పండి. మెషిన్‌తో ధాటీగా తిప్పితే బోల్టు తల ఊడి చేతికొస్తుంది, మిగతాది ఓక్‌లో ఉండిపోతుంది.

వేలాడదీయడానికి ఇద్దరుండాలి. చక్రాలుండే ఇనప పట్టీలు, అంటే స్ట్రాప్‌లు ముందే తలుపుకి, నిలువు పలకల మీద పడేలా బిగించి ఉంచుకుంటే, ఎత్తి చక్రాలు ట్రాక్ మీద కూర్చోబెట్టడం రెండు నిమిషాల పని. ఆ తర్వాత తలుపు పై అంచుకి రెండు చిన్న బిళ్లలు బిగించాలి, అవి ట్రాక్ కిందికి వచ్చి చక్రం పైకి ఎగరకుండా ఆపుతాయి. సాయంత్రం దీపం వేళ అయిందని నేను వాటిని రేపు చూద్దాం అనుకున్నాను. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఒక్క తోపు తోసింది, తలుపు చివరి ఆపుడుకి కొట్టుకుని ఒక చక్రం ట్రాక్ దాటేసింది. మామయ్యగారు పక్కనే ఉండి పట్టుకోబట్టి సరిపోయింది. టైల్ మీద చిన్న పెచ్చు లేచింది, ఇప్పటికీ దానిమీద ముగ్గు గిన్నె పెడుతున్నాం. ఆ బిళ్లలు బిగించకుండా పక్కకి వెళ్లకండి.

కింద గైడ్ లేకపోతే తలుపు ఊయలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. నేలకి బిగించేవి, గోడకి బిగించేవి రెండు రకాలున్నాయి. టైల్‌కి కన్నం వెయ్యడానికి ధైర్యం చాలక నేను స్కర్టింగ్ మీద గుమ్మం అంచు దగ్గర బిగించే రకం కొన్నాను. తెరిచినా మూసినా తలుపు ఎప్పుడూ ఆ చోటు దాటి పోదు, కాబట్టి అక్కడే ఉండాలి. పిడి ముందువైపు ఎంత పెద్దదైనా పెట్టుకోండి, వెనకవైపు మాత్రం చెక్కలోకి దిగిపోయే పల్చటి పిడి పెట్టాలి, పైకి లేచిన పిడి ట్రిమ్‌కి తగిలి తలుపు సగంలోనే ఆగిపోతుంది.

ఇండియాలో చేయించుకునేవాళ్లకి తలుపు సంగతి ఇంకా తేలిక. రెడీమేడ్ ఫ్లష్ డోర్ కొని, కార్పెంటర్‌తో పైన నచ్చిన పట్టీలు కొట్టించుకోవచ్చు. గోడ దగ్గర మాత్రం మోసపోవద్దు. మన గుమ్మాలు మామూలుగా ఏడడుగులు, ట్రాక్ సరిగ్గా లింటెల్ మీద పడుతుంది, కాంక్రీట్ కాబట్టి యాంకర్ బోల్టులు బ్రహ్మాండంగా పట్టుకుంటాయి. కానీ చాలా ఇళ్లలో లింటెల్ గుమ్మం దాటి అరడుగో ముప్పావు అడుగో ఉండి ఆగిపోతుంది. ట్రాక్‌లో మిగతా సగం ఇటుక మీదే, కొత్త అపార్ట్‌మెంట్లలో అయితే తేలికపాటి ఏఏసీ బ్లాక్ మీదే పడుతుంది. ఎర్ర ఇటుకలో ప్లాస్టరింగ్ దాటి ఇటుక మధ్యలోకి దిగేంత పొడుగు ఫాస్టనర్లు వెయ్యాలి, రెండు ఇటుకల మధ్య సిమెంట్ అతుకులో కాదు. ఏఏసీ బ్లాక్‌లో మామూలు యాంకర్ బిగిస్తుంటేనే చుట్టూ పొడి రాలి వదులవుతుంది, కెమికల్ యాంకర్ వెయ్యమని అడగండి.

బిగించిన నెల తర్వాత ఒకసారి బోల్టులన్నీ స్పానర్‌తో పట్టి చూడండి, కొత్త చెక్క కాస్త ముడుచుకుని రెండు మూడు బోల్టులు పావు చుట్టు తిరుగుతాయి. మాకు మిగిలిపోయిన పని ఒకటే, పాత ద్వారబంధానికి మడతబందులు ఉన్న చోట మూడు గుంటలు. వాటిల్లోకి పల్చటి చెక్క ముక్కలు కోసి అంటించి, పైన ఫిల్లర్ రాసి, గరుకు కాగితంతో రుద్ది రంగు వేశాను. రెండు సరిగ్గానే కలిసిపోయాయి. మూడోది దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. పాత తలుపు, మడతబందులు, వాటి స్క్రూలు ఒక సంచిలో కట్టి గరాజ్‌లోనే ఉంచాను, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అదే కావాలంటే ఎక్కడ వెతుక్కుంటాం.